గుర్తు కూడా ఒక వాగ్దానమే

గత శీతాకాలంలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిసి జనం ఇళ్లకు మళ్లుతున్న వేళ, మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. నందిగామలో అతనికి చిన్న డీటీపీ దుకాణం ఉన్నది. పెళ్లి పత్రికలు, రశీదు పుస్తకాలు, ఫ్లెక్సీలు, కొంతకాలంగా చిన్న వ్యాపారులకు లోగోలు తయారుచేసి ఇవ్వడం అతని జీవనోపాధి. సలాం చెప్పి, కాసేపు తటపటాయించి, "హజ్రత్, ఒక మస్అలా అడగాలి" అంటూ సెల్‌ఫోను మా ముందుంచాడు.

సంగతి ఇది. జగ్గయ్యపేటలో ఒక వితంతు సోదరి ఇంటివద్దనే కారం, మసాలా పొడులు తయారుచేసి అమ్ముకుంటున్నది. ఇద్దరు ఆడపిల్లలు. ఇంతకాలం పేరూ ఊరూ లేని సాదా కవర్లలోనే సరుకు వెళ్లేది. ఒక టోకు వ్యాపారి నెలనెలా పెద్ద మొత్తంలో కొంటానని ముందుకు వచ్చాడు. అయితే ఒక షరతు పెట్టాడు. పొట్లం చూడగానే పేరుమోసిన ఒక కంపెనీ పొట్లంలా కనబడాలి. అదే ఎరుపు, అదే వంపు అక్షరాలు, పేరులో ఒక్క అక్షరం మాత్రం తేడా. ఆ బొమ్మ గీసే పని ఈ యువకునికి వచ్చింది.

"నేను గీయకపోతే పక్క దుకాణంవాడు గీస్తాడు. ఆర్డరు పోతే ఆపాకు ఇల్లు గడవడం కష్టం. గీస్తే నాకు వచ్చే డబ్బు హలాలేనా?" అని అడిగాడు.

గీయవద్దని చెప్పాము. "మరి ఏం గీయాలి హజ్రత్?" అన్నాడు. దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. క్రయవిక్రయాల అధ్యాయాన్ని ఏళ్ల తరబడి విద్యార్థులకు బోధించిన మాకు, మా వీధిలోని దుకాణం బోర్డు మీద ఉన్న గుర్తు ఏమిటో, ఎందుకో తెలియదని ఆ రోజు అర్థమయింది. వద్దనడం తేలిక. వద్దన్న చోట మరో దారి చూపడం కూడా బోధకుని బాధ్యతే. ఆ తరువాత చదివి, అడిగి, తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందుంచుతున్నాము.

ఉంగరం నేర్పే పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇతర దేశాల పాలకులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్ర లేని లేఖను వారు చదవరని సహచరులు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి దానిపై ‘ముహమ్మద్ రసూలుల్లాహ్’ అని చెక్కించారు. ముహమ్మద్ ఒక వరుస, రసూల్ ఒక వరుస, అల్లాహ్ ఒక వరుస. ఆడంబరం లేదు. ఎవరు పంపారో చెప్పడమే దాని పని.

ఈ ఉదంతంలో మనం తరచుగా గమనించని మరొక అంశం ఉన్నది. తన ఉంగరంపై ఉన్న అక్షరాలను మరెవ్వరూ తమ ఉంగరాలపై చెక్కించుకోరాదని ఆయన వారించారు. కారణం సులభంగానే బోధపడుతుంది. ఒకే ముద్ర ఇద్దరి చేతుల్లో ఉంటే, లేఖ అందుకున్నవాడికి అది ఎవరి మాటో తెలియదు. నమ్మకం చెదిరిపోతుంది. ఆ ఉంగరం తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతుల్లోకి వచ్చింది. ఉస్మాన్ (రజి) కాలంలో అది అరీస్ బావిలో జారిపడితే మూడు రోజులపాటు వెతికినా దొరకలేదు. ఒక చిన్న వెండి ఉంగరం కోసం అంత ఆరాటమెందుకు? ముద్ర అంటే అమానత్ గనుక.

నేడు ‘లోగో’ అంటున్నది ఈ ముద్రకు దూరపు బంధువే. పేరు, గుర్తు, రంగు, అక్షరాల తీరు, పొట్లం ఆకారం అన్నీ కలిసి ఒక వ్యాపారికి ముఖమవుతాయి. ఆ ముఖం చూసి కొనేవాడు లోపలి సరుకును చూడకుండానే నమ్ముతున్నాడు. నమ్మకం ఉన్నచోట బాధ్యత తప్పదు.

మన నేల మీది గుర్తులు

ఇది పరాయి దేశం నుంచి నిన్నమొన్న వచ్చిన విద్య కాదు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడిన శిల్పాలలో ఒకటి ప్రసిద్ధమైనది: చక్రవర్తి చుట్టూ చదరపు నాణేలు వానలా రాలుతున్న దృశ్యం. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. ఆ రోజుల్లో వెండి ముక్కలపై సూర్యుడు, చెట్టు, కొండ వంటి ముద్రలు గుద్ది నాణేలుగా చెలామణి చేసేవారు. ముద్ర లేకపోతే అది వట్టి వెండి ముక్క. బేతవోలు అనే గ్రామానికి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి పేరిట జగ్గయ్యపేట అని నామకరణం చేసి పేటగా తీర్చిదిద్దడానికి ఎన్నో శతాబ్దాల ముందే, ఆ మట్టిలో ముద్రకు విలువ కట్టిన మనుషులు ఉన్నారు.

దగ్గరి కాలానికి వద్దాము. కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. తెలుగువారికి ఆ పసుపురంగు లేపనం చదువు రానివారు కూడా గుర్తుపట్టగలిగిన వస్తువయింది. హైదరాబాదులో హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో జిందా తిలిస్మాత్ మొదలుపెట్టారు. నిజాం కాలపు ఆఫ్రికన్ యోధుని బొమ్మ దానికి గుర్తు. జీవుల బొమ్మల విషయంలో ధర్మవేత్తల అభిప్రాయం గురించి ముందు మాట్లాడుకుందాము. ఇక్కడ నేర్చుకోవలసింది వేరు. నూరేళ్లు దాటినా ఆ సీసా, ఆ గుర్తు గుర్తుపట్టరానంతగా మారలేదు. మన ఇళ్లలో తాత కొన్న సీసానూ మనుమడు కొన్న సీసానూ పక్కపక్కన పెడితే ఒకే కుటుంబం అని తెలుస్తుంది. ఏడాదికొక రంగు, పండుగకొక అక్షరం మార్చే మన చిన్న దుకాణదారులు దీనిని ఆలోచించాలి.

ఒక ఊరంతా కలిసి పంచుకునే గుర్తులు కూడా ఉన్నాయి. నందిగామ నుంచి విజయవాడ వెళ్లే దారిలోని కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. హైదరాబాదీ హలీంకు 2010లో అటువంటి గుర్తింపు లభించింది. ఆ పేరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ చోట, ఆ పద్ధతిలో చేసేవారందరిదీ.

పోలిక పెట్టి అమ్మడం

ఇక మా విద్యార్థి అడిగిన ప్రశ్న. మరొకరి గుర్తును పోలిన గుర్తు పెట్టుకోవడం ఏమవుతుంది?

ప్రవక్త మహనీయులు (స) బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి అందులో చేయి పెట్టినప్పుడు వేళ్లకు తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉన్నది. వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పగా, తడిసిన గింజలను జనానికి కనబడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు. ఆ వ్యాపారి అబద్ధమాడలేదని గమనించండి. పొడి గింజలను పైకి చేర్చాడు, అంతే. పోలిక లోగో చేసే పని కూడా అదే. పైన ఒకరి ముఖం, లోపల మరొకరి సరుకు. లోపలి సరుకు మంచిదే కావచ్చు; అయినా కొనేవాడు తాను కోరినది కాక వేరొకటి ఇంటికి తీసుకువెళ్లాడు.

ఇక్కడ అన్యాయం ఇద్దరికి జరుగుతున్నది. ఒకరు కొనుగోలుదారు. మరొకరు ఆ పేరును ఏళ్ల శ్రమతో నిలబెట్టుకున్న వ్యాపారి. పేరు కనబడని వస్తువు కదా, అది ఆస్తి ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. జిద్దా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్ సమావేశంలో దీనికి సమాధానం ఇచ్చింది. వ్యాపార నామం, వ్యాపార చిహ్నం, రచన, ఆవిష్కరణ వాటి యజమానుల హక్కులని, నేటి కాలంలో వాటికి ఆర్థిక విలువ ఉన్నదని, షరీఅత్ దృష్టిలో అవి రక్షణ పొందినవని, వాటిపై దాడి చేయరాదని తీర్మానించింది. కంపెనీ పెద్దదైనంత మాత్రాన, దాని యజమాని మనవాడు కానంత మాత్రాన ఆ హక్కు తగ్గదు.

మన దేశపు న్యాయస్థానాల మాట కూడా ఇందుకు భిన్నంగా లేదు. హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ ప్రారంభించిన రూహ్ అఫ్జా షర్బత్ 1907 నుంచి జనంలో ఉన్నది. మరొక సంస్థ ‘దిల్ అఫ్జా’ పేరుతో షర్బత్ అమ్మగా, కొనేవారు పొరబడే అవకాశం ఉన్నదని 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు దాని అమ్మకాన్ని నిలుపుదల చేసింది. రూహ్ వేరు, దిల్ వేరు అన్న వాదన అక్కడ నిలవలేదు.

పవిత్ర నామాలు, పారవేసే కవర్లు

ఇప్పుడు మన తప్పు ఒకటి చెప్పుకోవాలి. మూడు నాలుగేళ్ల క్రితం మా మద్రసా వార్షిక సభకు పెద్ద ఫ్లెక్సీ వేయించాము. పైన బిస్మిల్లాహ్, నడుమ ఒక ఆయత్, పక్కన కాబా చిత్రం. సభ ముగిసింది. ఫ్లెక్సీ ఎవరు విప్పారో, ఎటు వెళ్లిందో మేము విచారించలేదు. వర్షాకాలంలో ఊరి చివర ఒక మేకల పాక మీద అది కనబడింది. ఆయత్ ఉన్న వైపు కిందికి ఉన్నది. పాక యజమానిది తప్పు కాదు. అతనికి అది గట్టి పట్టా మాత్రమే. తప్పు దానిని అచ్చువేయించిన మాది. ఆ రోజు దానిని విప్పించి తెచ్చుకుంటుంటే మా చేతులు వణికాయి.

చాలామంది సోదరులు బరకత్ కోసం దుకాణపు లోగోలో అల్లాహ్ నామాన్ని, ఆయతులను, పవిత్ర స్థలాల చిత్రాలను ఉంచుతున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ లోగో గోడ మీద మాత్రమే ఉండదు. బిర్యానీ కవరు మీద, చెప్పుల డబ్బా మీద, చేతులు తుడుచుకునే కాగితం మీద, మురుగు కాలువలో తేలే సంచి మీద ఉంటుంది. గౌరవం కోసం వేసినది అగౌరవానికి కారణమవుతుంది. మరొక చిక్కు కూడా ఉన్నది. అరబీ లిపికి అనువుగా లేని పాత సాఫ్ట్‌వేరులో అరబీ అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరుసలో పడతాయి. చదవడం రాని డిజైనరుకు అది తెలియదు. పవిత్ర వాక్యం అర్థం లేని గీతలుగా అచ్చవుతుంది.

చట్టం కూడా దీనిని పట్టించుకున్నది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం ఏ వర్గపు మత మనోభావాలనైనా గాయపరచే గుర్తును నమోదు చేయరు. అగరుబత్తులకు ‘రామాయణ్’ అనే పేరుపై వచ్చిన వివాదంలో 2015లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, పవిత్ర గ్రంథాల పేర్లను ఏ వ్యక్తీ తన సరుకుకు సొంత చిహ్నంగా కోరజాలడని చెప్పింది. ఖుర్ఆన్ పేరును కూడా అక్కడ ప్రస్తావించింది.

హలాల్ అనే మాట విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అది అలంకారం కాదు, సాక్ష్యం. ఏదైనా సంస్థ తనిఖీ చేసి ఇచ్చే హలాల్ ముద్రను ఇంటర్నెట్ నుంచి దించుకుని పొట్లం మీద అతికించడం దొంగసాక్ష్యం చెప్పడమే.

జీవుల బొమ్మల గురించి: ధర్మవిద్వాంసులలో అధికులు మనుషుల, జంతువుల రూపాలు గీయడాన్ని వారించారు. మన సంప్రదాయంలో దానికి బదులుగా ఎంత సంపద ఉన్నదో చూడండి. ఆకులు, తీగలు, పూలు, కోణాల అల్లికలు, అక్షరాల అందం. మసీదు గోడల మీద వందల ఏళ్లుగా మన పూర్వులు చేసినది అదే. మెట్ట ప్రాంతపు మిరపకాయ, పత్తి కాయ, తాటాకు, మునేటి వంపు ఇవన్నీ గుర్తులు కాగలవు.

మంచి గుర్తుకు లక్షణాలు

మా విద్యార్థి వద్ద కూర్చుని మేము నేర్చుకున్న పాఠాలు ఇవి. ఈసారి అతడు గురువు, మేము శిష్యులం.

గుర్తు సాదాగా ఉండాలి. రబ్బరు స్టాంపు మీద, వాట్సాప్‌లోని చిన్న వలయంలో, దుకాణం బోర్డు మీద మూడు చోట్లా పోల్చుకోగలగాలి. ముందు నలుపు తెలుపులలో గీసి చూడాలి. అక్కడ నిలవనిది రంగులలో నిలవదు. సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసేటప్పుడు ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను కావాలి గనుక రంగులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఒకటి రెండు రంగులు చాలు. ఫోనులో మెరిసే రంగు కాగితం మీద అలాగే రాదు. అచ్చు నమూనా చూసిన తరువాతే ఒప్పుకోవాలి.

తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. పేరులో వత్తులు ఎక్కువైతే చిన్న సైజులో అవి ముద్దకడతాయి. కాబట్టి పలకడానికి సులువైన పొట్టి పేరు మేలు. అక్షరాల కోసం దొంగ ఫాంట్లు వాడనక్కరలేదు. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకునే అనుమతితో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. ఉర్దూలో పేరు రాయించుకోదలిస్తే మంచి కాతిబ్ చేత చేతితో రాయించడం అన్నిటికన్నా శ్రేష్ఠం.

ఫోను యాప్‌లలో దొరికే రెడీమేడ్ బొమ్మలు వేలమంది వాడుకునేవి. అవి మీ ఒక్కరివి కాలేవు. డిజైనరుకు పని ఒప్పగించినప్పుడు రెండు విషయాలు అడగండి. ఒకటి, ఎంత పెంచినా గీతలు చెదరని వెక్టర్ ఫైలు. రెండు, ఈ గుర్తుపై హక్కులన్నీ ఫలానావారికి ఇస్తున్నానని సంతకంతో కూడిన కాగితం. కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అప్పులు, గడువు ఒప్పందాలు రాసుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఎంత వివరంగా ఆదేశించిందో మనకు తెలుసు. అలాగే పని చేసినవాడికి ఒప్పుకున్న కూలి వెంటనే ఇవ్వండి. "బొమ్మే కదా, అయిదు నిమిషాల పని" అని బేరమాడే మనం, ఆ అయిదు నిమిషాల వెనుక అయిదేళ్ల సాధన ఉన్నదని మరచిపోతున్నాము.

నమోదు సంగతి

గుర్తు నచ్చిన తరువాత ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో అటువంటిది ముందే ఉన్నదా అని ఉచితంగా వెతకవచ్చు. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. మసాలాలు, బియ్యం, టీ 30వ తరగతి, బట్టలు 25వ తరగతి. వ్యక్తులు, చిన్న పరిశ్రమలు ఆన్‌లైనులో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు, ఇతరులకు 9,000. మన రాష్ట్రపు దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. పరిశీలన తరువాత గుర్తును జర్నల్‌లో ప్రకటిస్తారు. నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదయితే పదేళ్లు చెల్లుతుంది, పదేళ్లకొకసారి పొడిగించుకోవచ్చు. వలయంలో ‘ఆర్’ అక్షరాన్ని నమోదు పూర్తయ్యాకనే వాడాలి. ముందే వాడితే అదీ అబద్ధమే, చట్టరీత్యా తప్పు కూడా.

ఆహార పొట్లం మీద లోగో ఒక్కటే సరిపోదు. తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, తయారైన తేదీ, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. కొనేవాడు మనల్ని వెతుక్కుంటూ రాగలిగేలా చిరునామా రాయడం నిజాయితీపరుడికి భారం కాదు.

ఆ సోదరి ఏం చేసింది

మా విద్యార్థి పోలిక బొమ్మ గీయలేదు. జగ్గయ్యపేట వెళ్లి ఆ సోదరికి విషయమంతా చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. చివరకు, "నా పిల్లలకు పెట్టే ముద్దలో వేరొకరి పేరు వద్దు భాయీ" అన్నదట. టోకు వ్యాపారి ఆర్డరు పోయింది. పాఠకులను సంతోషపెట్టడం కోసం అది మరుసటి వారమే తిరిగి వచ్చిందని మేము రాయలేము. రాలేదు. రెండు నెలలు ఆమెకు కష్టంగా గడిచాయి.

ఈలోపు అతడు ఆమె పెద్ద కూతురు చేత తెల్ల కాగితం మీద పేరు రాయించాడు. ఆ పిల్ల దస్తూరినే కొద్దిగా సరిదిద్ది, కింద రెండు మిరపకాయలు గీశాడు. ఒకటే రంగు. అతడు దానికి డబ్బు తీసుకోనంటే, ఆమె ఊరుకోక అర కిలో కారం ఇచ్చి పంపింది. ఆ పేరు ఇక్కడ రాస్తే ప్రకటన అవుతుంది గనుక రాయడం లేదు. ఇప్పుడు నాలుగైదు కిరాణా దుకాణాల్లో ఆ పొట్లం దొరుకుతున్నది.

మొన్న ఒక విషయం తెలిసింది. ఒకసారి తెచ్చిన మిరపకాయలో ఘాటు తక్కువైంది. సాదా కవర్ల రోజుల్లో అయితే ఎవరిదో ఎవరికీ తెలియదు. ఈసారి పొట్లం మీద పేరు ఉన్నది, ఫోను నంబరు ఉన్నది. ఒక గృహిణి ఫోను చేసి అడిగింది. ఈ సోదరి ఆ దఫా పొట్లాలన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కు తెప్పించింది. నష్టం వచ్చింది. "అక్షరాలు నా కూతురివి కదా, ఎలా వదిలేస్తాను?" అన్నది.

గుర్తు వెనుక ఉన్న అర్థమంతా ఆ మాటలో ఉన్నదని మాకు అనిపించింది. తూనికలలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాయే అవతరించింది. రేపు అల్లాహ్ సన్నిధిలో మన పొట్లాలు తెరచి చూపవలసి వచ్చినప్పుడు, పైన ఉన్న పేరు, లోపల ఉన్న సరుకు ఒకదానికొకటి సాక్ష్యం పలికేలా ఉండాలి. దుకాణం పెట్టుకోబోయే మన పిల్లలు బోర్డు ఎంత పెద్దదిగా ఉండాలని అడిగే ముందు, దాని మీద ఎవరి పేరు ఉండాలని అడగడం నేర్చుకోవాలి. అల్లాహ్ మన సంపాదనలను శుభ్రపరచుగాక. ఆమీన్.